ఆ అత్త మీ నాన్న తోబుట్టువా, మేనమామ భార్యా?

రొమ్ము, అండాశయ క్యాన్సర్లు తమ వంశంలో ఉన్నాయేమోనన్న భయంతో ఎంతోమంది పాఠకులు ఉత్తరాలు రాశారు. ఈ నెల శీర్షిక మొత్తం వాటికే ఇచ్చాం. క్యాన్సర్ వైద్యులు, జన్యు సలహాదారులు కలిసి జవాబులు రాశారు. రాసినవారి ఊరు తప్ప మిగతా వివరాలు తీసేశాం.

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు. మా మేనత్తకు 43వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది, వైద్యం అయ్యాక ఇప్పుడు బాగానే ఉంది. నానమ్మ 52 ఏళ్ళకే ‘కడుపులో నీరు చేరి’ పోయిందంటారు. ఈమధ్య రొమ్ములో నొప్పిగా ఉందని డాక్టరు దగ్గరికి వెళితే, ‘మీ అమ్మకు గానీ, అమ్మ తరఫున ఎవరికైనా గానీ క్యాన్సర్ ఉందా?’ అని అడిగారు. లేదన్నాను. నాన్న వైపు సంగతి చెప్పక్కర్లేదా? – తెనాలి

జవాబు: చెప్పి తీరాలి. అడగకపోయినా చెప్పాలి. వంశపారంపర్యంగా వచ్చే రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ వాటికి మూలం బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే రెండు జన్యువులు. ఆస్పత్రుల్లో వీటిని ‘బ్రాకా’ అంటారు. మొదటిది 17వ క్రోమోజోము మీద, రెండోది 13వ క్రోమోజోము మీద ఉంటాయి. ఆడా మగా తేడాను నిర్ణయించే క్రోమోజోములతో వీటికి సంబంధం లేదు. కాబట్టి లోపమున్న జన్యువు తల్లి నుంచి రావడానికి ఎంత వీలుందో తండ్రి నుంచి రావడానికీ అంతే వీలుంది. ఎవరికి ఉన్నా ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం.

మగవాళ్ళకు రొమ్ము క్యాన్సర్ అరుదు, అండాశయాలు అసలే లేవు. అందుకని నాన్న ఆ లోపాన్ని మోస్తూ కూడా నిండు నూరేళ్ళు ఆరోగ్యంగా ఉండొచ్చు. అది ఆయన కూతురిలో బయటపడినప్పుడు ‘ఒక తరం దాటేసి వచ్చింది’ అనుకుంటాం. నిజానికి అది ఏ తరాన్నీ దాటలేదు, నాన్నలో చప్పుడు లేకుండా ఉంది.

మీ ఉత్తరంలో మమ్మల్ని ఆపింది నానమ్మ గురించి రాసిన మాట. అండాశయ క్యాన్సర్ ముదిరితే కడుపులో నీరు చేరుతుంది. పాత రోజుల్లో జబ్బుకు పేరు తెలియకుండానే చాలామంది పోయారు, ఇంట్లో ఆ గుర్తు ఒక్కటే మిగిలింది. అయితే కాలేయం చెడినా, కడుపులో క్షయ ఉన్నా నీరు చేరుతుంది. అందుకని నాన్నగారినీ, మేనత్తనూ కూర్చోబెట్టి అడగండి. కామెర్లు వచ్చాయా? రక్తపు వాంతులయ్యాయా? ఎన్నిసార్లు నీరు తీశారు? నీరు రాకముందు కొన్ని నెలలు కడుపుబ్బరం, కాస్త తినగానే నిండిపోయినట్టు ఉండటం లాంటివి చెప్పేదా? ఆపరేషన్ చేశారా, ఏ ఊళ్ళో? కామెర్లు లేకుండా నెలల పాటు పొత్తికడుపు ఉబ్బి, ఆ తర్వాత నీరు చేరిందంటే అనుమానం అండాశయం మీదికి పోతుంది. రుజువు దొరక్కపోతే ‘అండాశయం కావచ్చు, నిర్ధారణ లేదు’ అని రాసుకోండి. అలా రాసినా అది పనికొచ్చే సమాచారమే.

జన్యు పరీక్ష ముందు మీకు కాదు, మేనత్తకు చేయించాలి. ఎందుకన్నది హైదరాబాదు పాఠకురాలికిచ్చిన జవాబులో ఉంది. రొమ్ము నొప్పి ఒక్కటే క్యాన్సర్ లక్షణం కావడం అరుదు. అయినా మీ కుటుంబ చరిత్రతో ‘ఏం కాదులే’ అని వదిలేయకండి. నాన్న వైపు సంగతులు చెప్పి, చేత్తో చేసే పరీక్ష, స్కానింగ్ చేయించుకోండి.

ప్రశ్న: నేను ఏఎన్‌ఎంను. 30 దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలకు ఊళ్ళో ఆడవాళ్ళను పిలుస్తాం. ‘మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా?’ అంటే అందరూ లేదనే అంటారు. తర్వాత ఎవరో ఒకరు ‘వాళ్ళ చిన్నమ్మకు ఉండె కదా’ అంటారు. తక్కువ సమయంలో ఈ సంగతి సరిగ్గా రాబట్టడం ఎట్లా? – జగిత్యాల జిల్లా

జవాబు: ఆ లోపం ప్రశ్నలో ఉంది. ‘మీ ఇంట్లో’ అంటే పెళ్ళయినామెకు అత్తవారిల్లు గుర్తొస్తుంది. అక్కడున్న అత్తమామలతో, తోడికోడళ్ళతో ఆమెకు నెత్తుటి చుట్టరికం లేదు, మేనరికమైతే తప్ప. కావలసింది పుట్టింటి చరిత్ర. అందులోనూ రెండు వైపులు, అమ్మ పుట్టిల్లు, నాన్న పుట్టిల్లు.

2009లో బ్రెజిల్ పరిశోధకులు సరిగ్గా మీలాంటివారి కోసమే ఏడు ప్రశ్నల పట్టిక తయారుచేశారు. ప్రాథమిక వైద్య స్థాయిలో వాడదగ్గ సాధనాల్లో ఒకటిగా అమెరికా నివారణ వైద్య నిపుణుల బృందం 2019లో దీన్నీ పేర్కొంది. మన మాటల్లో ఆ ఏడూ ఇవి. మీ అమ్మకు గానీ, ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కచెల్లెళ్ళకు గానీ, కూతురికి గానీ రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చిందా? చుట్టాల్లో ఎవరికైనా రెండు రొమ్ములకూ వచ్చిందా? మగవాళ్ళలో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా? ఒకే మనిషికి రొమ్ము, అండాశయం రెండింటికీ వచ్చిందా? 50 ఏళ్ళు రాకముందే రొమ్ము క్యాన్సర్ వచ్చినవారున్నారా? రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చినవాళ్ళు ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది ఉన్నారా? రొమ్ము లేదా పెద్దపేగు క్యాన్సర్ వచ్చినవాళ్ళు ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది ఉన్నారా?

ఒక్కదానికి ‘అవును’ వచ్చినా పై ఆస్పత్రికి పంపాలి. ఇది జల్లెడ మాత్రమే, తూకం కాదు. పంపినవాళ్ళలో చాలామందికి జన్యులోపం ఉండదు, ఆ మాట వాళ్ళకు ముందే చెప్పి పంపండి. మన దేశంలో రొమ్ము క్యాన్సర్ పడమటి దేశాలకంటే సుమారు పదేళ్ళు ముందు వయసులోనే కనిపిస్తోంది. అందుకని ‘50 లోపు’ అన్న ప్రశ్నకు మన దగ్గర ‘అవును’లు ఎక్కువే వస్తాయి. వాళ్ళలో 40 లోపు వచ్చినవారి కుటుంబాలను, ఒకటికి మించి ప్రశ్నలకు ‘అవును’ అన్నవారిని ముందు వరసలో పెట్టండి.

ఇక అసలు చిక్కు మన వరసల్లో ఉంది. ‘పెద్దమ్మ’ అంటే అమ్మ అక్క కావచ్చు, పెదనాన్న భార్య కావచ్చు. అమ్మ అక్కతో ఆమెకు నాలుగో వంతు జన్యువులు ఉమ్మడి, పెదనాన్న భార్యతో ఏమీ లేవు. చిన్నమ్మా అంతే. ‘అత్త’ ఇంకా తికమక. నాన్న అక్కచెల్లెలు, మేనమామ భార్య, భర్త తల్లి ముగ్గురూ అత్తలే. ‘మా అత్తకు రొమ్ము ఆపరేషనైంది’ అని ఆమె అనగానే మీరు రాసుకుంటే సగంసార్లు తప్పు గడిలో పడుతుంది. ‘మేనత్తా?’ అని అడగండి, ‘మీ నాయనతో పుట్టిందా?’ అని ఇంకోసారి అడగండి. పెదనాన్న కూతురినీ, చిన్నమ్మ కూతురినీ కూడా ‘అక్క’ అనే అంటాం కాబట్టి ‘ఇద్దరు అక్కలకు ఉంది’ అంటే సొంత అక్కలని అనుకోవద్దు.

దీనికి తలకిందులైన పొరపాటు కూడా జరుగుతుంది, అదే ఎక్కువ నష్టం. మేనత్త కూతురు, మేనమామ కూతురు నెత్తురు పంచుకున్నవాళ్ళే గానీ వాళ్ళను పిలిచేది వదిన అనో మరదలు అనో. ‘అక్కచెల్లెళ్ళలో ఎవరికైనా ఉందా?’ అంటే వాళ్ళు గుర్తుకే రారు. కాబట్టి వరసతో అడగడం మానేసి మనిషితో మొదలుపెట్టండి: ‘మీ అమ్మమ్మకు ఎంతమంది పిల్లలు? పెద్దామె ఎవరు, ఎక్కడిచ్చారు? ఆమెకు ఏమైనా పెద్ద జబ్బు చేసిందా? ఆమె పిల్లలకు?’ ఆమె అయ్యాక రెండో బిడ్డ. తర్వాత నానమ్మ. ఆడబిడ్డ పెళ్ళయి వెళ్ళాక ఇంటిపేరు మారి, ఊరు మారి, జబ్బు కబురు పుట్టింటికి సగమే చేరుతుంది. మేనత్తల సంగతి అందుకే పదేపదే జారిపోతుంది.

ఒక తెల్లకాగితం అడ్డంగా పెట్టుకుని గీస్తే పది నిమిషాల పని. మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు గుండ్రం. పైన తాతలు, అవ్వలు, మధ్యలో అమ్మ నాన్నల తోబుట్టువులు, కింద ఈమె తరం, అందరూ వయసు ప్రకారం ఎడమ నుంచి కుడికి. జబ్బు వచ్చిన బొమ్మను నల్లగా నింపండి, చనిపోయినవారికి అడ్డగీత గీయండి. పక్కన ఏ అవయవం, ఏ వయసులో బయటపడింది అని రాయండి. ఇప్పటి వయసు వేరు, బయటపడిన వయసు వేరు, ఎక్కువ తప్పులు జరిగేది అక్కడే. వయసు తెలియకపోతే ‘పెద్దకొడుకు పెళ్ళికి ముందా, తర్వాతా?’ లాంటి ప్రశ్నతో దగ్గరికి రావచ్చు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళనూ గీయండి. ఐదుగురు అక్కచెల్లెళ్ళలో ఒకరికి జబ్బు రావడం ఒక లెక్క, ఉన్న ఒక్క ఆడపిల్లకే రావడం ఇంకో లెక్క. నాన్న వైపు అందరూ మగవాళ్ళే అయితే చరిత్ర శుభ్రంగా కనిపిస్తుంది గానీ అది నమ్మదగ్గది కాదు.

ఇంకొక్క ప్రశ్న తప్పనిసరి. ‘గర్భసంచి తీసేశారా? ఏ వయసులో, దేనికి? అండాశయాలు ఉంచారా, తీసేశారా?’ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గర్భసంచి ఆపరేషన్లు దేశంలోకెల్లా ఎక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. 35 ఏళ్ళకే అండాశయాలతో సహా తీసేసిన మేనత్తకు అండాశయ క్యాన్సర్ రాలేదంటే ఆ కుటుంబంలో లోపం లేదని కాదు. వచ్చే అవకాశమే పోయింది. కొందరికి ‘గడ్డ ఉంది’ అని తీసి ఉంటారు. ఆ గడ్డ పరీక్ష కాగితం ఇంట్లో ఏ ట్రంకుపెట్టెలోనో ఉంటే తెప్పించండి.

పెళ్ళి కావలసిన పిల్లలుంటే నలుగురిలో ఎవరూ నోరు విప్పరు. ఈ ప్రశ్నలు శిబిరంలో వరసలో నిలబెట్టి అడిగేవి కావు, పక్కకు పిలిచి అడగండి. పంపాల్సి వస్తే ఆ కాగితమే చేతికిచ్చి పంపండి. హైదరాబాదు నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉంది. మీరు గీసిన బొమ్మతో వెళ్ళినామెకు అక్కడ మొదటి అరగంట మిగులుతుంది.

ప్రశ్న: నాకు 29. అమ్మ అండాశయ క్యాన్సర్‌తో 49 ఏళ్ళకు పోయింది. ఉమ్మి పంపితే చాలు, జన్యు పరీక్ష చేస్తామని ప్రకటనలు చూస్తున్నాను. చేయించుకోనా? – హైదరాబాదు

జవాబు: పరీక్ష మీకు అవసరమే. అండాశయ క్యాన్సర్ ఏ వయసులో వచ్చినా జన్యు పరీక్ష చేయాలన్నది ఇప్పుడు అంతటా ఒప్పుకున్న పద్ధతి. కానీ ఉమ్మి పంపడంతో మొదలుపెట్టకండి, సలహాతో మొదలుపెట్టండి.

ఏ కుటుంబంలోనైనా ముందు పరీక్ష చేయాల్సింది క్యాన్సర్ వచ్చిన మనిషికి. ఆమెలో లోపం దొరికితే మిగతావాళ్ళు ఆ ఒక్కటి తమలో ఉందో లేదో చూసుకుంటే చాలు. ఆమెను వదిలేసి ఆరోగ్యంగా ఉన్నవారికి చేసి ‘ఏమీ లేదు’ అని వస్తే రెండు అర్థాలు రావచ్చు. కుటుంబంలో ఉన్న లోపం మీకు రాలేదేమో. లేదా కుటుంబంలో ఉన్నదేదో ఈ పరీక్షకు చిక్కలేదేమో. రెంటిలో ఏది నిజమో తేల్చలేం కాబట్టి అది భరోసా ఇచ్చే ఫలితం కాదు.

మీ అమ్మగారు లేరు. అమ్మ తోబుట్టువుల్లో గానీ వాళ్ళ పిల్లల్లో గానీ రొమ్ము, అండాశయ క్యాన్సర్ వచ్చి బతికున్నవారుంటే వాళ్ళతో మొదలుపెట్టండి. ఎవరూ లేకపోతే ఆపరేషన్ చేసిన ఆస్పత్రిని అడగండి. తీసిన కణితి ముక్కలను మైనపు దిమ్మలుగా ఏళ్ళ తరబడి దాస్తారు. వాటిలో డీఎన్‌ఏ కొంత పాడై ఉంటుంది, అన్ని ప్రయోగశాలలూ తీసుకోవు. పైగా కణితిలో కనిపించిన లోపం పుట్టుకతో వచ్చిందో, కణితిలోనే పుట్టిందో ఆ ఒక్క పరీక్ష చెప్పలేదు. అయినా అక్కడ ఏదైనా కనిపిస్తే మీలో ఏం వెతకాలో తెలుస్తుంది. అదీ కుదరకపోతే మీకే చేయాలి, దాని పరిమితి తెలిసి చేయించుకోవాలి.

ఏ పరీక్ష అన్నది ముఖ్యం. కొన్ని కిట్లు బీఆర్‌సీఏలో ఎంపిక చేసిన కొద్ది మార్పులనే చూస్తాయి. ఆ రెండు జన్యువుల్లో హానికరమని తేలిన మార్పులు వేలల్లో ఉన్నాయి. మీకు కావలసింది రెండు జన్యువులనూ మొదటి నుంచి చివరి దాకా చదివేది, వాటితోపాటు పాల్బ్2, రాడ్51సీ, రాడ్51డీ, బ్రిప్1 అనే జన్యువులు, లించ్ అనే వంశపారంపర్య స్థితికి (దీని సంగతి వరంగల్లు జవాబులో ఉంది) సంబంధించిన జన్యువులు ఉన్న ప్యానెల్, అంటే చాలా జన్యువులను ఒకేసారి చూసే పరీక్ష. ఇంకో మాట అడగండి: ‘జన్యువులో పెద్ద ముక్కే ఎగిరిపోతే మీ పరీక్షలో తెలుస్తుందా?’ అక్షరాలు చదివే పద్ధతి ఒక్కటే వాడితే అలాంటివి జారిపోవచ్చు. వాటికోసం ఎంఎల్‌పీఏ అనే పరీక్ష గానీ, దానికి సమానమైన విశ్లేషణ గానీ ఉండాలి. నమూనా మామూలుగా ఊదామూత గొట్టంలో 2 నుంచి 5 మిల్లీలీటర్ల రక్తం. పరగడుపున ఉండక్కర్లేదు. ఉమ్మి అయితే అరగంట ముందు నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు. ఎముకమజ్జ మార్పిడి జరిగినవారి రక్తంలో దాత డీఎన్‌ఏ ఉంటుంది, వాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి.

ఫలితం మూడు రకాలుగా రావచ్చు: హానికరమైన లోపం ఉంది, లేదు, లేదా ‘అర్థం తేలని మార్పు’ ఉంది. మూడోది మన దేశంవారిలో ఎక్కువగా వస్తుంది. ప్రపంచ జన్యు సమాచార నిధుల్లో మనవాళ్ళ నమూనాలు తక్కువ కాబట్టి, మనలో మామూలుగా ఉండే తేడా కూడా వాళ్ళకు కొత్తగా కనిపిస్తుంది. ఇలాంటి మార్పుల్లో ఎక్కువ భాగం చివరికి హానిలేనివనే తేలతాయి. ఆ మాట పట్టుకుని అండాశయాలు తీయించుకోవడం, అక్కచెల్లెళ్ళను పరీక్షలకు పరుగెత్తించడం తప్పు. రిపోర్టు దాచి, ఏడాదికోసారి ‘దీని అర్థం మారిందా?’ అని ప్రయోగశాలను అడగండి. అప్పటిదాకా మీ జాగ్రత్తలు కుటుంబ చరిత్రను బట్టి నడవాలి, ఆ మార్పును బట్టి కాదు.

ప్రశ్న: నన్ను మా మేనమామకే ఇచ్చారు. మా అమ్మమ్మకు, అంటే మా అత్తగారికి, బీఆర్‌సీఏ2 లోపం ఉందని ఈమధ్య తేలింది. మా ఇద్దరు పిల్లలకు రెండింతల ప్రమాదమా? – రాజమహేంద్రవరం

జవాబు: రెండింతలు కాదు, కానీ మామూలు కంటే ఎక్కువ. బయటి సంబంధమైతే అమ్మమ్మ లోపం మనవడికి చేరే అవకాశం నాలుగింట ఒకటి, అంటే 25 శాతం. మీ ఇంట్లో అది రెండు దారుల్లో వస్తుంది. మీ భర్తకు ఉండే అవకాశం సగం. మీ అమ్మకు సగం, ఆమె నుంచి మీకు నాలుగో వంతు. ఈ రెండూ కలిపి లెక్కేస్తే పిల్లల్లో ఒక్కొక్కరికి ఏదో ఒక వైపు నుంచి రావడానికి 32లో 11 పాళ్ళు, సుమారు 34 శాతం.

దాంట్లోనే 32లో ఒక పాలు, ఇద్దరి నుంచీ లోపమున్న కాపీయే రావడం. దీన్ని పక్కన పెట్టకూడదు. బీఆర్‌సీఏ2 రెండు కాపీలూ చెడితే ఫాంకోని ఎనీమియా అనే తీవ్రమైన జబ్బు వస్తుంది. చిన్నతనంలోనే ఎముకమజ్జ దెబ్బతింటుంది, రక్త క్యాన్సర్, మెదడు, మూత్రపిండాల కణుతులు రావచ్చు. మీ పిల్లలు ఆరోగ్యంగా పెరుగుతుంటే ఆ భయం చాలావరకు తీరినట్టే. ఇంకో బిడ్డ కావాలనుకుంటే మాత్రం గర్భం రాకముందే భార్యాభర్తలిద్దరూ ఆ ఒక్క లోపం కోసం పరీక్ష చేయించుకోండి. ముందు మీ వారికి, మీ అమ్మకు చేస్తే చాలు. ఇద్దరికీ లేకపోతే కథ అక్కడితో ముగుస్తుంది, మీకు చేయాల్సిన పనే ఉండదు. పిల్లలకు 18 నిండేదాకా ఈ పరీక్ష చేయరు. ఆ వయసు దాకా చేయాల్సిన వైద్యమేదీ ఉండదు, తెలుసుకోవాలా వద్దా అన్న నిర్ణయం వాళ్ళదే కావాలి.

కుటుంబ బొమ్మలో మీ పెళ్ళిని రెండు గీతలతో కలపండి. అమ్మమ్మనూ అత్తగారినీ ఇద్దరు మనుషులుగా గీస్తే ‘క్యాన్సర్ వచ్చినవాళ్ళు ఇద్దరు’ అని లెక్క తప్పుతుంది.

ప్రశ్న: అమ్మకు గర్భసంచి క్యాన్సర్. నాకూ వస్తుందా? – వరంగల్లు

జవాబు: సంచిలో ఎక్కడన్నది కాగితాల్లో చూడండి. ముఖద్వారం దగ్గరైతే దాదాపు అన్నిటికీ కారణం హెచ్‌పీవీ వైరస్, వంశంతో పనిలేదు. మీరు 30 దాటితే అందరిలాగే ముఖద్వార పరీక్ష చేయించుకోవాలి, ఇంట్లో ఆడపిల్లలకు టీకా గురించి అడగాలి. సంచి లోపలి పొరలో వచ్చిందైతే, ముఖ్యంగా 50 లోపు వచ్చిందైతే, లించ్ అనే వంశపారంపర్య స్థితి గుర్తుకు రావాలి. అది ఉన్న ఇళ్ళలో పెద్దపేగు క్యాన్సర్లు కూడా కనిపిస్తాయి. డాక్టర్లు వాడే పాత లెక్క ఒకటుంది: ఈ రకం క్యాన్సర్లు వచ్చినవాళ్ళు ముగ్గురు, అందులో ఒకరు మిగతా ఇద్దరికీ తల్లిదండ్రులో, తోబుట్టువో, బిడ్డో కావడం, రెండు వరస తరాలు, ఒకరికైనా 50 లోపు. ఈ లెక్కకు సరిపోయే కుటుంబాలను వదలకూడదు గానీ, సరిపోని ఇళ్ళలోనూ లించ్ ఉంటుంది. అమ్మ కణితి మీదే దాన్ని పసిగట్టే పరీక్ష ఉంది, అడిగి చేయించండి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉన్న మా చెల్లికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. పరీక్షలో బీఆర్‌సీఏ1 లోపం ఉందని తేలింది. ‘మీరంతా చేయించుకోండి’ అంటోంది. ఇక్కడ ప్యానెల్ ఖర్చు చూస్తే భయమేస్తోంది. – విజయవాడ

జవాబు: మీకు ప్యానెల్ అక్కర్లేకపోవచ్చు. చెల్లి రిపోర్టు పూర్తి కాపీ తెప్పించండి. ఫోన్లో ‘బీఆర్‌సీఏ పాజిటివ్’ అన్న మాట చాలదు. జన్యువు పేరు, ‘సి’ అక్షరంతో మొదలయ్యే మార్పు గుర్తు, దాన్ని హానికరమైనదని రాశారా అన్నది, ప్రయోగశాల పేరు కావాలి. ఒక్క అంకె తప్పితే ఇక్కడ వేరే చోట వెతికి ‘లేదు’ అని రాస్తారు. ఆ ఒక్క మార్పును వెతికే పరీక్ష ప్యానెల్‌కంటే చాలా చవక. కొన్ని ప్రయోగశాలలు లోపం తేలినవారి దగ్గరి బంధువులకు రాయితీ ఇస్తాయి, అదీ అడగండి.

ముందు అమ్మానాన్నలకు చేయిస్తే లోపం ఏ వైపు నుంచి వచ్చిందో తెలుస్తుంది. లోపమున్న అమ్మ లేదా నాన్న తోబుట్టువులకు, ఆడా మగా అందరికీ, వాళ్ళ పిల్లలకు మాత్రమే కబురు పెడితే సరిపోతుంది. ఇక్కడ ‘లేదు’ అని వస్తే అది నిజమైన ‘లేదు’. మీ ప్రమాదం ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో సమానం, మీ పిల్లలకు మీ నుంచి ఆ లోపం పోదు. ఒక్క షరతు: రెండో వైపు చరిత్రలో కూడా క్యాన్సర్లుంటే ఆ సంగతి విడిగా చూడాలి.

ప్రశ్న: వయసు 34, ఇద్దరు పిల్లలు. బీఆర్‌సీఏ1 లోపం ఉందని తేలింది. క్యాన్సర్ లేదు. రాత్రిళ్ళు నిద్ర లేదు. ఏం చేయాలి? – విశాఖపట్నం

జవాబు: మీకు జబ్బు రాలేదు, జబ్బు కంటే ముందు సమాచారం చేతికొచ్చింది. ఈ వారమే ఆపరేషన్ నిర్ణయించుకోవాల్సిన తొందర లేదు. సుమారు 10 వేల మంది లోపమున్న స్త్రీల మీద 2017లో వచ్చిన పెద్ద అధ్యయనం ప్రకారం, బీఆర్‌సీఏ1 ఉన్నవారిలో 80 ఏళ్ళ లోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం 72 శాతం, అండాశయ క్యాన్సర్ 44 శాతం. బీఆర్‌సీఏ2కి 69, 17. ఇవి ఎక్కువగా పడమటి దేశాల కుటుంబాల అంకెలు. పైగా ఇవి జీవితకాలానివి, వచ్చే ఏడాదివి కావు.

రొమ్ములకు ఏడాదికోసారి ఎంఆర్‌ఐ, ఏడాదికోసారి మామోగ్రామ్ (రొమ్ముల ఎక్స్‌రే). ఒకేసారి కాకుండా ఆరు నెలల తేడాతో పెట్టుకుంటే సంవత్సరంలో రెండుసార్లు చూసినట్టవుతుంది. మీ వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది కాబట్టి మామోగ్రామ్ ఒక్కటే చాలదు. ఎంఆర్‌ఐ నెలసరి మొదలైన 7 నుంచి 15వ రోజు మధ్య చేయించుకోండి. మిగతా రోజుల్లో హార్మోన్ల వల్ల రొమ్ము ఆ బొమ్మలో మామూలుగానే మెరిసి, లేని అనుమానాలు, అక్కర్లేని సూది పరీక్షలు తెచ్చిపెడుతుంది. మందు ఎక్కించి తీసే ఎంఆర్‌ఐయే కావాలి, రొమ్ము కోసం ప్రత్యేకమైన కాయిల్ (ఎంఆర్‌ఐ తీసేటప్పుడు రొమ్ముల చుట్టూ అమర్చే పరికరం) ఆ కేంద్రంలో ఉందో లేదో అడగండి. ఆరు నెలలకో ఏడాదికో డాక్టరు చేత్తో పరీక్షించాలి. రొమ్ములు రెండూ తీయించుకుంటే ప్రమాదం 90 శాతానికి పైగా తగ్గుతుంది, కానీ అది మీ ఇష్టానికి వదిలిన దారి. పక్కా నిఘాతో ఉండటమూ సరైన దారే.

అండాశయాల సంగతి వేరు. అక్కడ నిఘా పనిచేయదు. సీఏ125 రక్త పరీక్ష, లోపలి నుంచి చేసే స్కానింగ్ ఆరు నెలలకోసారి చేయించినా ప్రాణాలు కాపాడతాయని రుజువు కాలేదు. ‘స్కాన్ బాగుంది కదా’ అని ఏళ్ళు జరుపుకుంటూ పోవడం మేం చూసే అతి పెద్ద పొరపాటు. పిల్లలు ఇక చాలనుకున్నాక బీఆర్‌సీఏ1 ఉన్నవారు 35–40 మధ్య, బీఆర్‌సీఏ2 ఉన్నవారు 40–45 మధ్య అండాశయాలు, వాటితోపాటు ఫాలోపియన్ నాళాలు (అండాన్ని గర్భసంచికి చేర్చే గొట్టాలు) తీయించుకోవాలన్నది సలహా. ఈ క్యాన్సర్లలో చాలావాటి పుట్టుక నాళం చివర, అందుకే నాళాలు మిగల్చకూడదు. ఆపరేషన్ కాగితంలో ‘బీఆర్‌సీఏ1 లోపం, ప్రమాదం తగ్గించే శస్త్రచికిత్స’ అని స్పష్టంగా రాయించండి. అది చూస్తే పాథాలజిస్టు (తీసిన ముక్కలను పరీక్షించే డాక్టరు) నాళం మొత్తాన్ని, ముఖ్యంగా కుచ్చుల్లాంటి చివరను, సన్నని ముక్కలుగా కోసి పూర్తిగా చూస్తారు. రాయకపోతే మామూలు ఆపరేషన్లలోలాగా ఒకటి రెండు ముక్కలే చూసి పంపేయవచ్చు, దాక్కున్న చిన్న క్యాన్సర్ జారిపోతుంది.

తీసిన మర్నాటి నుంచే నెలసరి ఆగిన స్థితి వస్తుంది. వేడి ఆవిర్లు, నిద్రలేమి, ఎముకల పటుత్వం తగ్గడం. రొమ్ము క్యాన్సర్ రానివారికి సహజంగా నెలసరి ఆగే వయసు దాకా హార్మోన్ మందులు ఇవ్వవచ్చు. ఈ సంభాషణ ఆపరేషన్‌కు ముందే జరగాలి. మీకింకా ఒకటి నుంచి ఆరేళ్ళ వెసులుబాటు ఉంది.

ప్రశ్న: నాకు బీఆర్‌సీఏ2 లోపం ఉందని తేలింది. ఇదే లోపం అన్నయ్యకు కూడా ఉండొచ్చంటున్నారు. సంబంధాలు చూస్తున్నాం. ఇప్పుడు చెప్పాలా? మగవాడికి దాంతో ఏం పని? – నల్లగొండ

జవాబు: చెప్పాలి. బీఆర్‌సీఏ2 ఉన్న మగవారిలో జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ వచ్చేది సుమారు 7 శాతం మందికి. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎక్కువ, అది ఉధృతంగా ఉంటుంది కూడా. అందుకని 40వ ఏట నుంచి పీఎస్ఏ రక్త పరీక్ష మొదలుపెడతారు. రొమ్ము దగ్గర గడ్డ, చనుమొన లోపలికి పోవడం లాంటివి గమనించుకోవాలని 35 ఏళ్ళ నుంచే నేర్పిస్తారు. పరీక్ష చేయించుకోవాలా, ఎప్పుడు అన్నది ఆయన ఇష్టం. పెళ్ళికి ముందే చేయించి తీరాలని లేదు. రిపోర్టు ఆయనది, ఆయన అనుమతి లేకుండా డాక్టరు గానీ ప్రయోగశాల గానీ ఎవరికీ చెప్పకూడదు. కాబోయే భార్యకు చెప్పేది ఆయనే కావాలి, పెళ్ళిళ్ళ పేరయ్య కాదు. కానీ మీకు లోపం ఉందన్న సంగతి ఆయన నుంచి దాచకండి. రేపు ఆయనకు కూతురు పుడితే, ఆ పిల్ల పెద్దయ్యాక డాక్టరు ‘నాన్న వైపు ఎవరికైనా ఉందా?’ అని అడిగితే చెప్పాల్సినది మీ పేరే. మీ రిపోర్టు నకలు ఒకటి ఆయన చేతికివ్వండి.